మందు ఏడ పడ్డది తమ్మీ?

(మన రేడియో ఆదివారం ఉదయం కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగానికి అక్షర రూపం)

 

మీలో చాలామంది షికాగో నుంచి సెయింట్ లూయిస్ వైపు 55వ నంబరు హైవే మీద వెళ్ళే ఉంటారు. జూలై ఆఖర్లోనో ఆగస్టులోనో వెళ్తే రెండు పక్కలా మొక్కజొన్న, సోయా తప్ప ఇంకేమీ కనపడదు. మధ్యలో ఒక చిన్న పసుపుపచ్చ విమానం చేలకి తగిలేంత కిందకి దిగి, తెల్లగా పొగలాంటిది వదిలి, హైవే మీంచి ఝుయ్యిమని పైకి లేస్తుంది. పిల్లలు కేకలు పెడతారు, మనం ఫోటో తీసుకుంటాం. ఆ పొగలాంటిది చాలాసార్లు తెగులు మందు. దాని గురించే ఇవాళ నాలుగు మాటలు చెప్పమని మన కార్యక్రమం నడిపే అక్కయ్య అడిగారు. "రేడియోలో సోయా చేను సంగతి ఎవరు వింటారండీ?" అన్నాను. "మీ తమ్ముడి కథ చెప్పండి, వింటారు" అన్నారావిడ. సరే, వాడి కథతోనే మొదలుపెడతాను.

మాది భైంసా పక్కన ఒక పల్లె. అప్పుడు ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి నిర్మల్ జిల్లా. నేను 2003లో వ్యవసాయ ఇంజనీరింగ్ చదువుకోవడానికి ఇక్కడికి వచ్చాను, ఇక్కడే ఉండిపోయాను. ఇల్లినాయ్‌లో రైతుల పొలాలకి మందులు కొట్టిపెట్టే ఒక సంస్థలో స్ప్రేయర్ల బాగోగులు చూడటం నా ఉద్యోగం. తమ్ముడు ఊళ్ళో నాలుగెకరాల్లో సోయా వేస్తాడు.

2022 వానాకాలం అక్కడ విపరీతమైన వానలు. ఆగస్టు ఆఖర్లో ఒక రాత్రి వాడి ఫోను. "అన్నా, రెండు సార్లు తెగులు మందు కొట్టిచ్చిన. పైన చూస్తే పచ్చగున్నది, కింద చూస్తే ఆకులు రాలుతున్నయి. కాయల మీద నల్లగ చుక్కలు. దుకాణపాయన కల్తీ మందు ఇచ్చిండు అనిపిస్తున్నది. ఇంకో దుకాణంల అడిగితే కొత్త మందు వచ్చింది, పవర్ ఎక్కువ అంటున్నరు. రేటు మూడింతలున్నది. పైసలు పంపుతవా?"

ఇలాంటి ఫోను మీకూ వచ్చే ఉంటుంది. పంపడం పెద్ద పనేమీ కాదు. అయితే నా నోటికి ముందు వచ్చిన మాట డబ్బు గురించి కాదు. "మందు ఏడ పడ్డది తమ్మీ?" అన్నాను.

వాడికి కోపం వచ్చింది. "ఏడ పడ్తదే, చేను మీదనే పడ్డది!"

ఆ ప్రశ్న నాకు ఎందుకు తట్టిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

2004 నవంబర్‌లో లూసియానాలో సోయాకి తుప్పు తెగులు కనపడింది. అమెరికా ప్రధాన భూభాగంలో అదే మొదలు. ఆ సెప్టెంబర్‌లో వచ్చిన ఐవాన్ తుఫాను గాలితో దాని బీజాలు దక్షిణ అమెరికా నుంచి ఎగిరి వచ్చాయని శాస్త్రజ్ఞుల అంచనా. బ్రెజిల్‌లో 2001లో మొదలై ఆ తెగులు చేసిన నష్టం అందరికీ తెలుసు కాబట్టి ఇక్కడ గగ్గోలు పుట్టింది. నేనప్పుడు విద్యార్థిని. మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరి నోట విన్నా తుప్పే. ఇక్కడి సోయా రైతుకి అప్పటిదాకా కలుపు మందు కొట్టడం వచ్చు గాని, తెగులు మందు కొట్టే అలవాటు పెద్దగా లేదు. ఆ రెండు పనులూ ఒకటి కావు. కలుపు మొక్క నేల మీద విడిగా కనపడుతూ ఉంటుంది. తుప్పు తెగులేమో ముందు అడుగు ఆకుల్లో మొదలవుతుంది. అక్కడ ఎండ తగలదు, మంచు తడి తొందరగా ఆరదు. అప్పటికి సాళ్ళు కలిసిపోయి పైన ఆకులు గొడుగు పట్టినట్టు ఉంటాయి. ఆ గొడుగులోంచి మందుని కిందికి ఎలా దించాలి?

ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఎర్దాల్ ఓజ్కాన్ గారూ, వూస్టర్‌లోని అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులూ కలిసి ఈ ప్రశ్న మీదే పొలంలో ప్రయోగాలు చేశారు. రకరకాల నాజిల్స్ పెట్టి కొట్టడం, మొక్క మధ్యలో ఎంత పడింది, అడుగున ఎంత పడింది అని కొలవడం. వాళ్ళకి తేలింది వింటే ఇంతేనా అనిపిస్తుంది. మరీ సన్నని తుంపర పనికిరాదు, మరీ పెద్ద చుక్కా పనికిరాదు, మధ్యస్థంగా ఉండాలి. నీళ్ళు ఎకరానికి 15 నుంచి 20 గ్యాలన్లు ఉండాలి. గాలిని కూడా తోసే స్ప్రేయర్ అన్నిటికన్నా బాగా దించుతుంది. అది లేకపోతే బూమ్ ముందు ఒక మామూలు కమ్మీ కట్టి, పైరు తలని కాస్త వంచుతూ పోయినా చాలా మేలు. జుట్టు పాయ తీసి తలకి నూనె పెట్టినట్టన్నమాట. ముందుకీ వెనక్కీ రెండు విసనకర్రల్లా కొట్టే జంట నాజిల్ గోధుమ కంకికి బాగుంటుంది గాని, గుబురుగా పెరిగిన సోయాలో నిలువుగా కిందికి కొట్టే మామూలు నాజిలే నయం. కంపెనీలు అమ్మే ఖరీదైన సరుకు అన్నిచోట్లా గొప్పది కాదని నాకు అప్పుడే తెలిసింది.

తుప్పు తెగులు మా ఇల్లినాయ్‌ని భయపడినంతగా బాధించలేదు. మా చలికి అది బతకదు. గల్ఫ్ తీరం దగ్గర కుడ్జు తీగల మీద చలికాలం గడిపి, ప్రతి ఏడూ మళ్ళీ పైకి ప్రయాణం చేసి రావాలి. వచ్చేసరికి మా పంట ముదిరిపోతుంది. నేను చదువు పూర్తి చేసి ఉద్యోగంలో చేరాను. చదువుకున్నదంతా ఒంటబట్టింది అనుకున్నాను.

2009 వేసవి ఇక్కడ చల్లగా, తడిగా గడిచింది. ఉత్తర ఇల్లినాయ్‌లో సోయాకి తెల్లబూజు విరుచుకుపడింది. ఆ తెగులు రాలిపోయే పూరేకుల మీద మొదలై కాండంలోకి దిగుతుంది. అంటే మందు పూల దగ్గరికి, ఆకుల లోపలికి వెళ్ళాలి. ఒక పెద్దాయన 80 ఎకరాలకి మందు కొట్టమన్నాడు. మా స్ప్రేయర్ అంతకు ముందురోజే కలుపు మందు కొట్టి వచ్చింది. కలుపు మందు పక్క చేలోకి కొట్టుకుపోకూడదని దానికి ముతక చుక్కలు వేసే నాజిల్స్ పెడతాం. 90 అడుగుల బూమ్, 20 అంగుళాలకొక నాజిల్, మొత్తం 54. అవి మార్చి, ఒక్కొక్కటీ సరిచూడాలంటే రెండు గంటల పని. సాయంత్రం వాన సూచన ఉంది. నేను మార్చలేదు. "ఫరవాలేదు, వెళ్ళు" అని డ్రైవర్‌కి చెప్పింది నేనే. అతనూ వాన వస్తుందని వేగంగానే పోనిచ్చాడు.

సెప్టెంబర్‌లో ఆ పెద్దాయన నన్ను పొలానికి పిలిచాడు. తిట్టలేదు. చేతులతో సాలు విడదీసి చూపించాడు. కాండాల మీద దూది అంటించినట్టు తెల్లగా బూజు, లోపల నల్లటి గింజల్లాంటి శిలీంద్రపు ముద్దలు. "పైన మాత్రం బాగా తడిసింది" అన్నాడు. అంతే. నాజిల్స్ మార్చి ఉంటే తెగులు పూర్తిగా ఆగిపోయేదని నేను చెప్పను. తెల్లబూజుని పూర్తిగా ఆపే మందు లేదు. కానీ ఆయన డబ్బిచ్చి కొనుక్కున్న మందు ఆయన రోగం దగ్గరికి చేరలేదు, అది నా బద్ధకం. మరుసటి ఏడు కూడా ఆయన మా దగ్గరికే వచ్చాడు. అయితే పొలం గట్టు మీద నిలబడి, బూమ్ ఈ కొస నుంచి ఆ కొసదాకా నాజిల్స్ చూసుకున్నాకే మా బండికి దారి ఇచ్చాడు.

ఇప్పుడు కొంచెం లెక్క చెప్తాను, చానల్ మార్చకండి. చుక్క సైజుని మైక్రాన్లలో చెప్తారు, మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. 400 మైక్రాన్ల చుక్క ఒకదానిలో ఉన్న నీళ్ళతో 200 మైక్రాన్ల చుక్కలు ఎన్ని వస్తాయి? రెండు కాదు, ఎనిమిది. ఎకరానికి 15 గ్యాలన్లు, అంటే సుమారు 57 లీటర్లు కొట్టామనుకోండి. అన్నీ 400 మైక్రాన్లవి అయితే చదరపు సెంటీమీటర్ నేలకి 40 చుక్కలు వస్తాయి. కానీ మనం కొట్టేది నేలకి కాదు, ఆకులకి. బాగా పెరిగిన సోయా చేలో ఆకులన్నీ కోసి పరిస్తే ఆ నేలకి ఐదింతలు ఉంటాయి. 40ని ఐదుతో భాగిస్తే ఎనిమిది. ఆకు మీద చదరపు సెంటీమీటర్‌కి ఎనిమిది చుక్కలు! తెగులు మందుకి 50 నుంచి 70 దాకా కావాలని ఈ రంగంలో చెప్పే లెక్క. అదే 200 మైక్రాన్ల చుక్కలైతే 65 దాకా వస్తాయి. అదీ అందరికీ సమానంగా పంచితే. పై ఆకులు ముందు తమ వాటా తీసుకుంటాయి, తర్వాత కిందివాళ్ళ వాటా కూడా తీసుకుంటాయి. పెళ్ళి భోజనాల్లో మొదటి బంతివాళ్ళలాగా.

మరైతే ఇంకా సన్నగా కొట్టొచ్చు కదా అంటారేమో. 100 మైక్రాన్ల చుక్కకి బరువుండదు. గాలికి పక్కింటి తోటలోకి పోతుంది, ఎండకి దారిలోనే ఆరిపోతుంది, ఆకుల సందుల్లోకి దిగే ఊపు దానికి ఉండదు.

ఇంకో సంగతి ఉంది, మా తమ్ముడి గొడవంతా దాంట్లోనే ఉంది. డబ్బా మీద 'సిస్టెమిక్' అని రాసి ఉంటుంది, అంతర్వాహిక మందు అంటారు తెలుగులో. అది చూసి మన రైతు ఏమనుకుంటాడు? పైన కొడితే చాలు, నెత్తురులో కలిసినట్టు మొక్కంతా పాకుతుంది, వేరుదాకా పోతుంది అనుకుంటాడు. ఇక్కడి రైతుల్లో కూడా అలా అనుకునేవాళ్ళు బోలెడుమంది. సోయాకి మామూలుగా కొట్టే తెగులు మందులు, అజాక్సీస్ట్రోబిన్ గాని టెబుకొనజోల్ గాని, ఆకులోకి ఇంకుతాయి, నీళ్ళతోపాటు ఆకు కొస వైపుకి కదులుతాయి. కిందికి మాత్రం దిగవు. పై ఆకు మీద పడ్డది కింది ఆకుకి ఎన్నటికీ చేరదు. కింది ఆకుకి కావాలంటే కింది ఆకు మీదే పడాలి.

అన్ని తప్పులూ నాజిల్‌వే అని కూడా అనకూడదు లెండి. ఇక్కడ ఫ్రాగ్ ఐ అని, కప్పకన్ను లాంటి మచ్చలు వేసే తెగులు ఒకటి ఉంది. 2010లో టెనెసీలో దాన్ని చూస్తే, స్ట్రోబిలురిన్ జాతి మందులకి లొంగని రకం పుట్టినట్టు తేలింది. అక్కడ ఆకంతా తడిపినా తెగులు ఆగదు. అది లేత ఆకుల తెగులు, పైభాగంలోనే ఎక్కువ కనపడుతుంది. అందుకే ఎవరైనా మందు పని చెయ్యలేదంటే నేను ముందు అడిగేది, పైన పని చెయ్యలేదా, కింద పని చెయ్యలేదా అని. బాగా తడిసిన ఆకు మీద కూడా తెగులు పెరుగుతుంటే మందుని అనుమానించాలి. పైన శుభ్రంగా ఉండి కింద మాత్రమే ఉంటే, పంపుని అనుమానించాలి. తమ్ముడు చెప్పింది రెండో రకం.

వాణ్ణి ఒక పని చెయ్యమన్నాను. మా దగ్గర మూడంగుళాల పొడవు, అంగుళం వెడల్పు ఉండే పసుపు కాగితాలు ఉంటాయి. చుక్క పడ్డచోట నీలంగా మారతాయి. భైంసాలో అవి ఎక్కడ దొరుకుతాయి? "ఉజాలా సీసా ఒకటి కొను. పంపులో మందు పొయ్యకుండా ఉత్త నీళ్ళు, దాంట్ల ఉజాలా పొయ్యి. తెల్లకాగితం ముక్కలు కోసి, బట్టలకు పెట్టే క్లిప్పులతోని మొక్కకు పైన ఒకటి, నడుమ ఒకటి, అడుగున ఒకటి పెట్టు. మందు కొట్టే పిల్లగాన్ని ఎప్పటి తీర్గనే కొట్టుమను, నువ్వు ఏం చెప్పకు."

మర్నాడు వాట్సప్‌లో ఫోటోలు వచ్చాయి. పై కాగితం నీళ్ళు కారేంత నీలం. నడుమ కాగితం మీద అక్కడక్కడ పెద్ద పెద్ద మరకలు. అడుగు కాగితం ఇస్త్రీ చేసిన చొక్కాలా తెల్లగా ఉంది. ఒక్క చుక్క లేదు. కింద వాడు రాసిన మాట: "అన్నా, ఇదేంది?"

తర్వాత ఒక్కొక్కటీ బయటికి వచ్చాయి. మందు కొట్టే అబ్బాయికి కూలి ట్యాంకు లెక్కన. ట్యాంకు ఎంత తొందరగా ఖాళీ అయితే అతనికి అంత లాభం కాబట్టి నాజిల్ రంధ్రాన్ని సూదితో పెద్దది చేసుకున్నాడు. దాంతో తుంపర పోయి ధార అయింది. అతను గన్ను నడుమెత్తున పట్టుకుని అటూ ఇటూ ఊపుతూ నడుస్తాడు. అతన్ని ఒక్కణ్ణే అనడానికి లేదు. ఎకరం ఆరు ట్యాంకుల్లో అయిపోవాలని చెప్పింది మా తమ్ముడే, కూలి మిగులుతుందని.

ఇక్కడ ఇంకో లెక్క ఉంది. దయచేసి ఇది ఊళ్ళో మీవాళ్ళకి చెప్పండి. వాడు కొన్న మందు లీటరు నీళ్ళకి ఒక మిల్లీలీటరు. ఎకరానికి 200 లీటర్ల నీళ్ళు కొడతారని లెక్కేసి పెట్టిన మోతాదు అది. అంటే ఎకరానికి 200 మిల్లీలీటర్ల మందు. ట్యాంకు 16 లీటర్లు, కాబట్టి ఎకరానికి 12, 13 ట్యాంకులు పట్టాలి. వీడు ట్యాంకుకి మందు సరిగ్గానే కలిపాడు, కానీ ట్యాంకులు ఆరే కొట్టించాడు. 96 లీటర్లు. ఎకరానికి పడ్డ మందు 96 మిల్లీలీటర్లు, సగం కూడా కాదు. ఆ సగంలోనూ చాలా భాగం పై ఆకుల మీదే ఆగిపోయింది. రెండుసార్లు కొట్టించినా రోగమున్న చోటికి ఒక్కసారి కూడా చేరలేదు. దుకాణపాయన మీద పాపం అంత కోపం పెట్టుకున్నాడు.

నేను మూడింతల మందుకి డబ్బు పంపలేదు. కొత్త నాజిల్స్‌కీ, అదనపు కూలికీ పంపాను. వ్యవసాయాధికారి వచ్చి చూసి, ఆంత్రాక్నోస్ అని చెప్పి, ఇంతకు ముందు కొట్టినదానికి వేరే జాతి మందు రాసిచ్చాడు. అదేమీ ఖరీదైనది కాదు. ఈసారి ట్యాంకు లెక్క తీసేసి ఎకరానికింత అని మాట్లాడుకున్నారు, ఎకరానికి 12 ట్యాంకులు కొట్టాలన్న షరతుతో. గన్ను మోకాలెత్తుకి దించి, పక్కనుంచి సాలు లోపలికి పెట్టి, మెల్లగా నడవాలి. పొద్దున్నే మంచు ఆరాక, గాలి లేవకముందే మొదలుపెట్టాలి. ఇంకొకటి, కొట్టిన తడిలోకి నడవకుండా, గాలి మందుని మనిషికి దూరంగా తీసుకుపోయేటట్టు నడవాలి. ఆ అబ్బాయి ముక్కుకి తువ్వాలు కూడా కట్టుకోడని ఫోటోలో చూశాను. మాస్కు, చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా వాడే కొనివ్వాలని గట్టిగా చెప్పాను. వాడు సణిగాడు, కొన్నాడు.

మళ్ళీ ఉజాలా నీళ్ళతో చూస్తే అడుగు కాగితం మీద సన్నని నీలపు చుక్కలు పడ్డాయి. అప్పటికే మచ్చపడ్డ కాయలు బాగుపడలేదు, ఏ మందూ వాటిని బాగుచెయ్యదు. తర్వాత వచ్చిన కాయలు శుభ్రంగా నిలిచాయి. పోయింది పోగా ఎకరానికి ఆరు క్వింటాళ్ళు వచ్చాయి. మంచి ఏడు కాదు, అప్పు లేకుండా గట్టెక్కాడు.

మీకు పొలాలు లేకపోయినా పెరట్లో టమాటాలు ఉంటాయి. వాటికి కూడా మచ్చ తెగులు కింది ఆకుల్లోనే మొదలవుతుంది. సాయంత్రం ఆఫీసునుంచి వచ్చి, నిలబడి పైనుంచి ఒక చుట్టు స్ప్రే చేసి లోపలికి పోతాం. వంగండి. ఆకు కిందికి పెట్టి కొట్టండి. నడుము నొప్పి అంటే పిల్లల చేతికి ఇవ్వకండి, అది మందు.

పోయిన వానాకాలం తమ్ముడికి కొత్త మోజు పట్టింది, డ్రోన్. మా వైపు ఊళ్ళలో ఇప్పుడు చాలామంది పిలిపించుకుంటున్నారు. మంచిదే, మనిషి మందులో నడిచే అవసరం లేదు, రెక్కల గాలి ఆకుల్ని కాస్త కదుపుతుంది కూడా. అయితే అది ఎకరానికి సుమారు 10 లీటర్ల నీళ్ళతోనే కొడుతుంది. ఇందాకటి లెక్కే వెయ్యండి. అన్నీ 200 మైక్రాన్ల చుక్కలైనా ఆకు మీద చదరపు సెంటీమీటర్‌కి 12. పైరు చిన్నగా ఉన్నప్పుడు చాలు. సాళ్ళు కలిసిపోయాక కింది తెగులుకి నాకు నమ్మకం తక్కువ. హైవే మీద మీరు చూసే విమానం మీద కూడా నాకు ఇదే అనుమానం ఉంటుంది. ఎకరానికి ఐదు గ్యాలన్లయినా కొట్టమని తుప్పు తెగులు రోజుల్లోనే చెప్పారు, రెండు గ్యాలన్లతో పోయేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఇదంతా వాడికి ఫోన్లో చెబుదామని కూర్చున్నాను. ఈలోపలే ఫోటో వచ్చింది. డ్రోన్ అబ్బాయితో ముందు ఉత్త ఉజాలా నీళ్ళు కొట్టించాడట. మూడు కాగితాలు వరసగా నేల మీద పెట్టి తీశాడు. అడుగుదాని మీద లెక్కపెడితే నాలుగు చుక్కలు.

"అన్నా, గిది సాల్తదా?"

సాలదు తమ్మీ అన్నాను.